సాదా ఆకారాల నుంచి డిజైన్ – 3వ పాఠం: ఒక చతురస్రం, ఒక కత్తెర

పోయిన పాఠంలో తయారు చేసుకున్న కాగితాలు ఈపాటికి ఆరిపోయి ఉంటాయి. కొవ్వొత్తితో గీసి మీద వాటర్ కలర్ పూసినవి, పాత పేపరు ముక్కలు అతికించి తెల్లరంగు పలుచగా వేసినవి అన్నీ ఒక కవర్లో పెట్టి పక్కన ఉంచండి. పాఠం చివర్లో వాటితో పని ఉంది. అప్పటిదాకా రంగుల జోలికి వెళ్లొద్దు. రంగు బాగుంటే ఆకారంలో లోపం కనబడదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల స్కెచ్‌బుక్కుల్లో సగం డిజైన్లు ఇలాగే మోసం చేస్తాయి.

ఇవాళ కావాల్సినవి నల్ల చార్ట్ ముక్క, చిన్న కత్తెర, పెన్సిల్, గ్లూ స్టిక్. చార్ట్ రెండువైపులా నల్లగా ఉండాలి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. గ్లూ స్టిక్ లేకపోతే ఫెవికాల్ వాడొచ్చు. నీళ్లు కలపకుండా బ్రష్‌తో పలుచగా రాయండి. తడి ఎక్కువైతే పేజీ ఉబ్బి అలలు తేలుతుంది.

నల్ల కాగితంలో 8 సెంటీమీటర్ల చతురస్రం కత్తిరించండి. స్కెచ్‌బుక్ ఎ5 సైజుదైతే 6 సెంటీమీటర్లు చాలు. దాని కుడి అంచు మీద పది రూపాయల బిళ్లను సగం లోపలికి, సగం బయటికి ఉండేలా పెట్టి, లోపలి సగం చుట్టూ గీయండి. ఆ అర్ధవృత్తాన్ని ఒకే ముక్కగా కోయండి. కోసేటప్పుడు కత్తెరను కదలకుండా పట్టుకుని కాగితాన్ని తిప్పితే వంపు నున్నగా వస్తుంది. కత్తెరను తిప్పితే అంచు గంట్లు పడుతుంది.

చతురస్రాన్ని పేజీ మధ్యలో పెట్టండి, కోతలన్నీ అయ్యాకే అతికించాలి. కోసిన ముక్కను పారేయకండి. తలుపు రెక్క తెరిచినట్టు దాన్ని అంచు మీదుగా బయటికి తిప్పి, చదునైన వైపు సరిగ్గా అంచుకు ఆనేలా పెట్టండి. లోపల తెల్ల అర్ధవృత్తం, బయట నల్ల అర్ధవృత్తం, రెండూ కలిస్తే ఒక పూర్తి వృత్తం. అంచు గీత ఎక్కడా గీయకపోయినా కన్ను దాన్ని తనే గీసుకుంటుంది.

ఇప్పుడు ఎడమ అంచు నుంచి వాలుగా ఉన్న ఆకు ఆకారం ఒకటి కోయండి. అర్ధవృత్తానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముక్కను ఎలా తిప్పినా తేడా తెలియలేదు. ఆకు అలా కాదు, దాన్ని వెనక్కి తిరగేసి పెడితేనే లోపలి ఖాళీకి అద్దంలో ప్రతిబింబంలా కుదురుతుంది. చార్ట్ వెనకవైపు తెల్లగా ఉంటే పని ఇక్కడే ఆగిపోతుంది.

పై అంచున ఇంకో అర్ధవృత్తం కోయండి. ఈసారి బయటికి తిప్పేముందు ఆ ముక్కలోంచే ఇంకా చిన్న అర్ధవృత్తం కోసి, దాన్ని మళ్లీ లోపలి తెలుపులోకి తిప్పండి. నలుపులో తెలుపు, అందులో మళ్లీ నలుపు. ఎన్ని కోతలు కోసినా నల్ల కాగితం విస్తీర్ణం మాత్రం మొదటి 64 చదరపు సెంటీమీటర్లే. కొత్తగా కలిపింది లేదు, పారేసింది లేదు.

నలుపు తెలుపుల ఈ పొందికకు జపాన్‌లో నోటాన్ అని పేరు. దీన్ని అమెరికా చిత్రకళా బోధనలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆర్థర్ వెస్లీ డౌ. 1899లో వచ్చిన తన పాఠ్యపుస్తకంలో గీత, రంగులతో సమానంగా నోటాన్‌ను నిలబెట్టాడు. అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ఆయన దగ్గర చదువుకుంది. ఆమె పూల చిత్రాల్లో ఖాళీ జాగా కూడా ఒక ఆకారంలా నిలబడటం చూస్తే ఆ చదువు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

పేజీని చేతిదూరంలో పెట్టి కళ్లు సగం మూసి చూడండి. మచ్చలు పడ్డ నల్ల డబ్బా ఒకటి కనబడితే కోతలు చాలలేదన్నమాట. ఏది ముందుంది, ఏది వెనకుంది అని కన్ను తికమకపడితే ఆపేయండి.

డిజైన్ ఇంకా రాలేదు, ఇది ముడిసరుకే. తెల్ల అట్టలో 3 సెంటీమీటర్ల చదరపు కిటికీ కోసి పేజీ మీద మెల్లగా జరపండి. ఎక్కువగా అంచుల దగ్గరే మంచి ముక్కలు దొరుకుతాయి. నచ్చిన చోట ఆగి, కిటికీలో కనబడేది ట్రేసింగ్ పేపర్ మీద ఎత్తుకోండి. మూడో నాలుగో చాలు. ఈలోగా పింటరెస్ట్ తెరవకండి. అక్కడ చూసింది చేతిలోకి వచ్చేస్తుంది.

ఎత్తుకున్న వాటిలో ఒకదానికి నాలుగు జిరాక్సులు తీసి, రెండు మీద రెండుగా పేర్చి, ఒక్కొక్కదాన్ని పావు తిప్పుడు తిప్పుతూ చూడండి. ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే అనే మతగురువు 1704లో ఇలాంటి లెక్కే ప్రచురించాడు. ఐమూలగా సగం నలుపు, సగం తెలుపుగా ఉన్న పలకను నాలుగు దిక్కుల్లో పెట్టొచ్చు. అలాంటివి నాలుగు పేరిస్తే 256 అమరికలు. అన్నీ గీయక్కర్లేదు, బాగున్నవాటిని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

చీరకో దుపట్టాకో వాడాలనుకునేవాళ్లు నచ్చిన అమరికను గ్రాఫ్ పేపర్ మీదికి మార్చండి, ఒక గడి నలుపు లేదా తెలుపు, సగం గడి లేదు. మీ అర్ధవృత్తం మెట్లుమెట్లుగా మారుతుంది, కంగారు పడొద్దు. పోచంపల్లి ఇక్కత్ ఆకారాలకు ఆ మెట్ల అంచులు అందుకే. నేయడానికి ముందే నూలును కట్టలు కట్టి రంగులద్దుతారు కాబట్టి నున్నటి వంపు కష్టం. రంగు కొంచెం పాకి అంచు చెదిరినట్టు ఉండటమే దాని అందం.

ఇక కవర్ తీయండి. అమరికలో నలుపు ఉన్నచోట కొవ్వొత్తి కాగితం, తెలుపు ఉన్నచోట పేపరు ముక్కల కాగితం కోసి అతికించండి. తర్వాతి వరుస మాత్రం తప్పకూడదు: అతికించడం అయ్యాక వాటర్ కలర్, అది ఆరాక వాటర్‌ప్రూఫ్ ఇంకు, చిట్టచివర ఆయిల్ పేస్టల్. ఆయిల్ పేస్టల్ ముందే రుద్దితే దాని మీద వాటర్ కలర్ నిలవదు, యాక్రిలిక్ ఆరాక పెచ్చులూడుతుంది, జెల్ పెన్ మొన మూసుకుపోతుంది. పేజీ 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కన్నా పలుచనైతే వాటర్ కలర్ మానేసి పెన్సిల్ రంగులతో సరిపెట్టుకోండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఇదే కసరత్తు త్రిభుజంతో. కోతలు మూడుకు మించకూడదు, వంపులు అసలు ఉండకూడదు. నాలుగో పాఠంలో ఆ పేజీనే తీసుకుని, నాలుగు పక్కలా అతుకు కనబడకుండా పునరావృతం చేసే పద్ధతి చూద్దాం.