గుడి, మసీదు, చర్చి ఎక్కడైనా దాడి జరిగితే ఏం చేయాలంటే

రొట్టెల పండగకి నెల్లూరు బారాషహీద్ దర్గాకి వెళ్లినా, శనివారం మాలకొండ ఎక్కినా, ఒంగోలులో ఆదివారం చర్చికి వెళ్లినా, లోపలికి వచ్చిన దారి కాకుండా బయటికి ఇంకో దారి ఎక్కడుందో ముందే చూసుకోండి, తప్పిపోతే ఎక్కడ కలవాలో పిల్లలకి చెప్పండి.

ఎవడైనా కత్తితోనో తుపాకీతోనో వస్తే ముందు పరిగెత్తండి. చెప్పులు, బ్యాగులు పోతే పోనీండి. దారి లేకపోతే ఏదో ఒక గదిలో దూరి గడియ పెట్టి, బరువైనది తలుపుకి అడ్డం నెట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. 2002లో గాంధీనగర్ అక్షరధామ్‌పై దాడి జరిగినప్పుడు సిబ్బంది ప్రధాన మందిరం తలుపులు మూసేయబట్టే లోపలున్న భక్తులు బతికారు.

తప్పించుకునే వీలు లేనప్పుడే తిరగబడాలి. తిరగబడితే మాత్రం సగం మనసుతో వద్దు, కుర్చీయో బిందెయో చేతికి ఏది దొరికితే అది తీసుకుని నలుగురూ ఒకేసారి మీద పడండి. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో లిన్‌వుడ్ మసీదు దగ్గర అబ్దుల్ అజీజ్ అనే ఆయన చేతిలో ఉన్న కార్డు మెషిన్‌తోనే తుపాకీవాడి మీదకి వెళ్లాడు, వాడు కారులో పారిపోయేదాకా వదల్లేదు. ఎంత గుండె ధైర్యం!

కేసు టెన్షన్ వద్దు. భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణ నేరం కాదు, కానీ అవసరానికి మించి కొట్టే హక్కు లేదు, వాడు చేతికి చిక్కాక కొట్టకుండా పట్టుకుని పోలీసులకి అప్పగించండి.

బయటపడగానే 112కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే కండువానో చున్నీనో మడిచి గాయం మీద గట్టిగా నొక్కండి, 108 వచ్చేదాకా చెయ్యి తీయొద్దు.