పట్టేసిన కాలిపర్ పిస్టన్ తియ్యాలంటే బ్రేక్ పైపు ముందే విప్పకండి

బ్రేక్ వేస్తే కారు ఒక పక్కకి లాగుతోందా, కాసేపు తిప్పి దిగాక ఒక్క చక్రం దగ్గరే వేడి కొడుతోందా, అయితే ఆ చక్రం కాలిపర్‌లో (బ్రేక్ ప్యాడ్లని డిస్క్ మీదకి నొక్కే భాగం) పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. మా బావగారి కారు కాకినాడలో వానాకాలమంతా కదలకుండా ఉండిపోయింది, ఉప్పుగాలికి డస్ట్ బూటు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) చిరిగిన చోట నుంచి తుప్పు లోపలికి దిగి ముందు ఎడమ పిస్టన్ బిగుసుకుపోయింది. ఒక మెకానిక్ వచ్చీ రాగానే పైపు విప్పేసి, ప్లయర్‌తో పట్టి మెలితిప్పాడు, పిస్టన్ రాలేదు సరికదా దాని ఒంటి మీద గాట్లు పడ్డాయి, చివరికి కొత్త పిస్టన్ కొనాల్సొచ్చింది. ఆ పిస్టన్‌ని బయటికి తోసే బలం కార్లోనే ఉంది, బ్రేక్ పెడల్. పైపు విప్పిన మరుక్షణం అది పోతుంది.

ముందు తప్పు నిజంగా పిస్టన్‌దేనా చూసుకోండి. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండ్ పెట్టాకే చక్రం విప్పండి, జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు. కాలిపర్ జారే రెండు పిన్నులు గ్రీజు ఎండిపోయి పట్టేసినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పిన్నులు బాగానే ఉంటే బ్లీడ్ నిపుల్ (కాలిపర్ మీద గాలి తీసే చిన్న స్క్రూ) కొంచెం వదులు చెయ్యండి, డిస్క్ వెంటనే ఫ్రీగా తిరిగితే పిస్టన్ తప్పు కాదు, రబ్బరు పైపు లోపల మూసుకుపోయి ప్రెషర్ వెనక్కి పోవట్లేదని అర్థం. అప్పుడు పైపు మారిస్తే చాలు.

పిస్టనే అని తేలితే నిపుల్ మళ్ళీ బిగించి, ప్యాడ్లు తీసేసి, కాలిపర్‌ని పైపుతోనే ఉంచి తీగతో పైకి కట్టండి, బరువు పైపు మీద పడకూడదు. పిస్టన్ ఎదురుగా ఒక చెక్క ముక్క పెట్టండి, పిస్టన్ చాలావరకు వచ్చి పూర్తిగా ఊడకముందే ఆగేంత మందం. ఇప్పుడు ఇంకొకళ్ళని పెడల్ నెమ్మదిగా తొక్కమనండి. మిగతా మూడు చక్రాల బ్రేకులు పట్టుకుని ఆగిపోతాయి కాబట్టి పెరిగే ప్రెషర్ ఈ పిస్టన్ మీద కూడా పూర్తిగా పడుతుంది. పాత కారైతే పెడల్ నేల దాకా తొక్కనివ్వకండి, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించే భాగం) లోపల ఎప్పుడూ వాడని చోట తుప్పుంటే సీళ్ళు కోసుకుపోతాయి, పెడల్ కింద చిన్న చెక్క పెట్టి కొద్దికొద్దిగా తొక్కడం మంచిది, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గకుండా చూసుకుంటూ ఉండాలి.

కదలకపోతే సి క్లాంప్‌తో పిస్టన్‌ని కాస్త లోపలికి నొక్కి మళ్ళీ పెడల్ తొక్కండి. లోపలికీ బయటికీ ఇలా నాలుగైదు సార్లు ఆడిస్తే తుప్పు పట్టు వదులుతుంది, చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. వెనక కాలిపర్‌లో హ్యాండ్‌బ్రేక్ కూడా ఉండే మోడళ్ళలో మాత్రం ఇలా నొక్కొద్దు, ఆ పిస్టన్లు చాలావాటిల్లో మర లాగా తిప్పితేనే లోపలికి వెళ్తాయి.

పైపు అప్పటికే విప్పేసి ఉంటే గ్రీజు గన్ వాడండి. నిపుల్ మూసి, పైపు బిగించే రంధ్రంలో అదే మరకి సరిపోయే గ్రీజు నిపుల్ బిగించి పంపు కొట్టండి, గ్రీజు గాలిలాగా కుదించుకోదు కాబట్టి పిస్టన్ ఒక్కసారిగా ఎగరదు, మెల్లగా వస్తుంది. పంక్చర్ షాపు గాలి పెట్టొచ్చు గానీ అది చివరి దారి, 50 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 7 బార్ గాలి అంటే దాదాపు 140 కిలోల తోపు, చెక్క, గుడ్డ లేకుండా ఎప్పుడూ వద్దు, వేలు మధ్యలో ఉంటే నుజ్జయిపోతుంది. మంట పెట్టి వేడి చెయ్యడం అసలే వద్దు.

పెడల్‌తో చాలావరకు వచ్చాక పైపు విప్పి పిస్టన్‌ని చేత్తో పూర్తిగా లాగేసి, గోరుతో దాని ఒంటి మీద గీయండి. బూటు కూర్చునే చోట గోధుమరంగు గీత కనిపిస్తుంది, గోరు అక్కడ తట్టుకోకుండా జారితే శుభ్రం చేసి వాడొచ్చు, గుంటలో చిక్కుకుంటే కొత్తది కొనాల్సిందే, లేకపోతే సీల్ పక్క నుంచి ఆయిల్ కారుతుంది. సీల్ గాడిలో తుప్పు పొడి గట్టిపడి ఉంటుంది, దాన్ని చెక్క పుల్లతో గీకండి. కడగడానికి బ్రేక్ క్లీనరే వాడండి, పెట్రోలు, కిరోసిన్ తగిలితే సీల్ రబ్బరు ఉబ్బుతుంది, గ్రీజు గన్ వాడితే గ్రీజు చుక్క కూడా మిగలకూడదు.

పాత సీల్ మళ్ళీ వెయ్యకండి, కొత్త సీల్ కిట్ తెచ్చి కొత్త బ్రేక్ ఆయిల్ రాసి పిస్టన్‌ని చేత్తోనే తిన్నగా దించండి. పైపు దగ్గర కొత్త రాగి వాషర్లు వేసి, బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీసి, పెడల్ గట్టిపడ్డాక ఇంజన్ ఆన్ చేసి ఇంకోసారి తొక్కి చూడండి. ఎక్కడా తడి లేకపోతేనే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా తిప్పి, ఆ చక్రం మళ్ళీ వేడెక్కుతోందేమో చూసుకోండి.