3 చేత భాగింపబడే బైనరీ సంఖ్యలకు డీఎఫ్ఏ ఎలా రూపొందించాలి?

థియరీ ఆఫ్ కంప్యుటేషన్‌ను మొదటిసారి చదివేవారే కాదు, గేట్ పరీక్ష కోసం మళ్లీ తిరగేసేవారు కూడా, డీఎఫ్ఏ (అంకెలను ఒక్కొక్కటిగా చదువుతూ, పరిమితమైన స్టేట్లలో, అంటే స్థితులలో, ఒకదాని నుంచి మరొకదానికి మారి, చివరికి అవునో కాదో చెప్పే యంత్రం) గీయమనగానే ముందు స్టేట్లకు వృత్తాలు పెట్టి, ఆ తరువాత బాణాలు ఎటు వేయాలా అని వెతుక్కుంటారు. చిన్న లెక్కలకు అది సరిపోవచ్చు గాని, లెక్క కాస్త పెద్దదైతే దారి తప్పుతుంది.

అందువల్ల పెన్సిలు పట్టకముందే, ఇంతవరకు చదివిన అంకెల గురించి ఏమి గుర్తుంచుకుంటే చాలునో ఒక వాక్యంలో రాయండి. ఇక్కడ సంఖ్య మొత్తం అక్కరలేదు, దానిని 3తో భాగిస్తే వచ్చే శేషం చాలు. శేషాలు 0, 1, 2 మాత్రమే కనుక స్టేట్లు మూడే. 0 స్టేట్‌తో మొదలుపెట్టాలి, అంగీకార స్టేట్ (చివరి అంకె చదివాక అక్కడ ఆగితే జవాబు అవును) కూడా అదే.

ఇక బాణాలు. బైనరీ సంఖ్యకు కుడిపక్కన ఒక అంకె చేరితే పాత విలువ రెట్టింపై, దానికి ఆ అంకె కలుస్తుంది. కాబట్టి శేషాన్ని కూడా రెట్టింపు చేసి, అంకెను కలిపి, తిరిగి 3తో భాగించాలి. 0 స్టేట్‌లో 0 వస్తే అక్కడే ఉండాలి, 1 వస్తే 1కి వెళ్లాలి; 1 స్టేట్‌లో 0 వస్తే 2కి, 1 వస్తే 0కి; 2 స్టేట్‌లో 0 వస్తే 1కి వెళ్లాలి, 1 వస్తే అక్కడే ఉండాలి. దీనిని ముందు పట్టికగా రాయడమే మేలు: పట్టికలో ఖాళీ గడి వెంటనే కంటబడుతుంది, బొమ్మలో మరిచిన బాణం కంటబడదు.

తరువాత సరిచూడండి. 1001, అంటే 9, వరుసగా 1, 2, 1 స్టేట్లను దాటి 0కి చేరుతుంది. 101, అంటే 5, 2 దగ్గరే ఆగిపోతుంది. శూన్య పదాన్ని, అంటే ఒక్క అంకె కూడా లేని ఇన్‌పుట్‌ను కూడా ఈ యంత్రం అంగీకరిస్తుందని గమనించండి (మార్కులు పోయేది తరచుగా ఇక్కడే). అది వద్దనుకుంటే, అంగీకారం లేని ప్రారంభ స్టేట్ ఒకటి విడిగా పెట్టి, దాని నుంచి 0కి, 1కి బాణాలు వేయాలి.

ఏమి గుర్తుంచుకుంటే చాలు అన్న ఇదే ప్రశ్న ఇతర లెక్కలకూ పనికివస్తుంది. చివరి నుంచి మూడవ అంకె 1 కావాలంటే చివరి మూడు అంకెలనూ గుర్తుంచుకోవాలి, కనుక 8 స్టేట్లు కావాలి. 1959లో రాబిన్, స్కాట్ వివరించిన నాన్‌డిటర్మినిస్టిక్ యంత్రానికైతే (ఒకే అంకెకు ఒకటి కన్నా ఎక్కువ దారులు ఉండగలది) 4 చాలు. 0లు, 1లు సమానంగా ఉండాలన్నప్పుడు గుర్తుంచుకోవలసిన తేడాకు హద్దే ఉండదు. అప్పుడు డీఎఫ్ఏను వదిలి, స్టాక్ (చివర పెట్టినదే ముందు తీసే, హద్దు లేని జ్ఞాపకం) ఉన్న పుష్‌డౌన్ ఆటోమేటాను తీసుకోవాలి.