గొంతులో గనేరియా: టెస్ట్ ఎలా చేయించుకోవాలి
ఓరల్ సెక్స్ తర్వాత గొంతు నొప్పేమీ లేదు కదా అని ఊరుకోకండి, గొంతులో చేరిన గనేరియా (సెక్స్ ద్వారా అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. మూత్రం టెస్ట్‌లో ఇది బయటపడదు; గొంతు వెనక, టాన్సిల్స్ మీద దూదిపుల్లతో రుద్ది తీసే స్వాబే కావాలి, అందుకే డాక్టర్‌కి సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పేయండి (ఒక్క క్షణం డోకొచ్చినట్టు ఉంటుంది, అంతే). పెదవి మీదో నాలుక మీదో నొప్పిలేని పుండు కనిపిస్తే సిఫిలిస్ (ఇదీ సెక్స్ ద్వారా అంటుకునే జబ్బే) రక్తపరీక్ష కూడా అడగండి. ఆ పుండు 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగొద్దు. గొంతు గనేరియాకి సాధారణంగా సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇంజెక్షన్ అయ్యాక 7 నుంచి 14 రోజులకి మళ్లీ టెస్ట్ చేయించుకోవాలి. పార్ట్‌నర్‌కీ చెప్పండి, ఇద్దరికీ మందు పడ్డాక కనీసం 7 రోజులు ఓరల్‌తో సహా అన్ని రకాల సెక్సూ ఆపేయండి.