క్రమశిక్షణ చర్యతో సైన్యం నుంచి బయటకు వచ్చినవారు డిస్చార్జ్‌ను సరిచేయించుకోవడం ఎలా

సెలవు ముగిసినా ఇంటి దగ్గరే ఉండిపోవడం, తాగి డ్యూటీకి రావడం, పై అధికారికి ఎదురు తిరగడం వంటి కారణాలతో సర్వీసు పూర్తి కాకుండానే ఇంటికి పంపబడిన తెలుగు జవాన్లు కొందరు చెన్నైలో సెక్యూరిటీ ఉద్యోగాలు చేసుకుంటూ, పెన్షన్ లేకుండా, మాజీ సైనికుడన్న గుర్తింపు లేకుండా బతుకుతున్నారు. అటువంటి ఉత్తర్వును మార్పించుకోవడానికి చట్టంలో దారి ఉంది. అయితే ఆ దారి దయ అడిగేది కాదు. కుటుంబ కష్టాలు చెప్పుకుని కనికరించమని రాసిన అర్జీకి జవాబు రాకపోయినా అడిగేవారు ఉండరు. ఫలానా నియమం ప్రకారం జరగవలసిన పని నా విషయంలో జరగలేదని, తేదీతో, కాగితంతో చూపించిన అర్జీకి మాత్రం సైన్యం జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇంటర్నెట్‌లో ఈ విషయం వెతికితే అమెరికా సైన్యానికి సంబంధించిన సలహాలే ముందు కనిపిస్తాయి. అక్కడ డిస్చార్జ్ స్థాయిని పెంచడానికి ప్రత్యేకంగా రివ్యూ బోర్డులు ఉన్నాయి, బయటకు వచ్చిన 15 ఏళ్లలోపు వాటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన దగ్గర అటువంటి బోర్డు లేదు. ముందు సైన్యానికి అర్జీ, తరువాత 2007 నాటి చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్: ఇదే ఇక్కడి వరుస. కాబట్టి అమెరికా నమూనా పత్రాలను నకలు చేసి పంపడం వల్ల ప్రయోజనం లేదు.

ముందుగా మీ చేతిలో ఉన్న కాగితం చదవండి

ఊళ్లో అందరూ 'మిలిటరీ నుంచి పంపేశారు' అని ఒకే మాట అంటారు గాని, చట్టం దృష్టిలో డిస్మిసల్, రిమూవల్, డిస్చార్జ్ అనేవి మూడు వేర్వేరు చర్యలు. 1950 నాటి ఆర్మీ చట్టంలోని 20వ సెక్షన్ కింద డిస్మిస్ లేదా రిమూవ్ చేస్తారు, 22వ సెక్షన్ కింద డిస్చార్జ్ చేస్తారు. కోర్ట్ మార్షల్ (సైనిక న్యాయస్థానం) శిక్షగా కూడా డిస్మిసల్ పడవచ్చు. పెన్షన్ నిబంధనల (1961 నాటివాటిలో 113వ నిబంధన) ప్రకారం డిస్మిస్ అయిన జవాను అంతకుముందు చేసిన సర్వీసు మొత్తానికీ పెన్షన్, గ్రాట్యుటీ కోల్పోతాడు. అరుదైన సందర్భాల్లో ప్రభుత్వ విచక్షణ మేరకు మాత్రమే అవి మంజూరు కావచ్చు. డిస్చార్జ్ అయినవాడు మామూలుగా పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేసి ఉంటే, కారణం క్రమశిక్షణకు సంబంధించినదే అయినా, పెన్షన్ అడగగలడు. అందువల్ల 15 లేదా 16 ఏళ్ల సర్వీసు ఉండి డిస్మిస్ అయినవారికి డిస్మిసల్‌ను డిస్చార్జ్‌గా మార్పించుకోవడమే అసలు లక్ష్యం కావాలి. ఆరేడేళ్లకే డిస్చార్జ్ అయినవారి లక్ష్యం వేరుగా ఉంటుంది. దుష్ప్రవర్తన లేదా అసమర్థత కారణంగా డిస్చార్జ్ అయినవారిని ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్ కోసం ఇచ్చిన మాజీ సైనికుల నిర్వచనం మినహాయిస్తుంది కనుక, వారు డిస్చార్జ్‌కు చూపిన కారణాన్నే రద్దు చేయించుకోవలసి ఉంటుంది.

ఈ తేడా తెలుసుకోవడానికి అదే చట్టంలోని 23వ సెక్షన్ పనికి వస్తుంది. సర్వీసు ముగిసిన ప్రతి జవానుకూ కమాండింగ్ ఆఫీసర్ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలని, అందులో ఎవరి అధికారంతో పంపారో, ఏ కారణంతో పంపారో, మొత్తం సర్వీసు ఎంతో రాయాలని, అది ఇంగ్లిషుతో పాటు జవాను మాతృభాషలో కూడా ఉండాలని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే తెలుగు జవానుకు తెలుగులో ఇవ్వాలి. ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉత్తర్వు రద్దు కాదు గాని, ఏ సంతకం ఎందుకు పెట్టానో నాకు అప్పుడు అర్థం కాలేదని చెప్పే జవానుకు ఆ లోపం కొంత బలం ఇస్తుంది.

పత్రాలు రాబట్టుకోవడం

సర్టిఫికెట్ ఒక్కదానితో అర్జీ నిలబడదు. డిస్చార్జ్ ఉత్తర్వు, షో కాజ్ నోటీసు (ఎందుకు పంపకూడదో చెప్పమని అడిగే కాగితం), దానికి మీరిచ్చిన జవాబు, కాండక్ట్ షీట్ (శిక్షలు నమోదయ్యే పట్టీ), షీట్ రోల్ (సర్వీసు వివరాల పట్టీ), విచారణ జరిగి ఉంటే దాని నివేదిక, కోర్ట్ మార్షల్ జరిగి ఉంటే ఆ ప్రొసీడింగ్స్, వైద్య పత్రాలు: ఇవన్నీ మీ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు నుంచి రావాలి. మద్రాస్ రెజిమెంట్‌వారిది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌వారిది బెంగళూరులో, ఇ.ఎం.ఇ. (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) వారిది సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీవారిది నాసిక్ రోడ్డులో ఉంది. ముందు మామూలు ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల్లో జవాబు రావాలి. 'నా రికార్డులన్నీ ఇవ్వండి' అని అడిగితే అరకొరగా వచ్చే అవకాశం ఎక్కువ కనుక, ఒక్కొక్క పత్రం పేరు విడిగా రాసి అడగండి. ఏదైనా పత్రం లేదని జవాబు వస్తే, ఆ జవాబునే జాగ్రత్తగా దాచుకోండి. జరిగిందని సైన్యం చెప్పే విచారణకు కాగితమే లేదని తేలితే అది మీ వాదనకు అక్కరకు వస్తుంది.

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. పెన్షన్ లేనివారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తరువాత నాశనం చేస్తారు, సమ్మరీ కోర్ట్ మార్షల్ (కమాండింగ్ ఆఫీసరే జరిపే సంక్షిప్త విచారణ) ప్రొసీడింగ్స్ అంతకంటే చాలా ముందే పోవచ్చు.

ఎర్ర సిరా పద్దులు

క్రమశిక్షణ డిస్చార్జుల్లో తరచుగా కనిపించే మాట 'నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు'. కమాండింగ్ ఆఫీసర్ వేసే శిక్షల్లో కొన్ని కాండక్ట్ షీట్‌లో ఎర్ర సిరాతో నమోదవుతాయి, చిన్నవి నల్ల సిరాతో నమోదవుతాయి. నాలుగు ఎర్ర పద్దులు పడితే ఇక ఇంటికే అని బ్యారక్‌లో అందరూ అనుకుంటారు, కొన్ని యూనిట్లు కూడా అలాగే నడుచుకున్నాయి. చట్టం అలా లేదు. 1954 నాటి ఆర్మీ నియమాల్లోని 13వ నియమం కింద ఇటువంటి డిస్చార్జ్‌కు ఉత్తర్వు ఇవ్వవలసినది బ్రిగేడ్ లేదా సబ్ ఏరియా కమాండర్, అదీ పరిస్థితులు అనుమతించినంతవరకు షో కాజ్ నోటీసు ఇచ్చిన తరువాతే. దీనికి తోడు 1988 డిసెంబర్ 28న ఆర్మీ ప్రధాన కార్యాలయం జారీ చేసిన లేఖ, నోటీసుకు ముందు నిష్పక్షపాతమైన ప్రాథమిక విచారణ జరగాలని, జవాను ఎంతకాలం సేవ చేశాడో, ఎటువంటి కఠినమైన చోట్ల పనిచేశాడో, పెన్షన్‌కు ఎంత దగ్గరలో ఉన్నాడో లెక్కలోకి తీసుకోవాలని చెబుతుంది.

వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు 2015 అక్టోబర్‌లో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. నాలుగు పద్దులు ఉన్నంత మాత్రాన డిస్చార్జ్ తప్పనిసరి కాదని, 1988 లేఖలోని పద్ధతిని పాటించి తీరాలని కోర్టు చెప్పింది. మధ్యకాలపు జీతం ఇవ్వలేదు గాని, పెన్షన్‌కు అర్హత వచ్చేవరకు ఆయన సర్వీసులోనే ఉన్నట్టు పరిగణించాలని ఆదేశించింది. చాలామందికి వాస్తవంగా దక్కగలిగే ఫలితం కూడా ఇదే కనుక, అర్జీలో దీనినే స్పష్టంగా అడగాలి. తిరిగి ఉద్యోగం, పాత జీతం మొత్తం అడిగి కూర్చోవడం వల్ల వాదన పలచబడుతుంది.

అయితే ఈ తీర్పు పేరు చెప్పగానే కేసు గెలిచినట్టు కాదు. సెలవు దాటి ఉండిపోవడం అలవాటుగా మారిన సత్గుర్ సింగ్ అనే జవాను కేసులో, 2019లో అదే సుప్రీంకోర్టు డిస్చార్జ్‌ను సమర్థించింది. ప్రాథమిక విచారణ ఫలానా రూపంలోనే జరగాలని లేదని చెప్పింది. కాబట్టి కాండక్ట్ షీట్ ముందు పెట్టుకుని ప్రతి పద్దునూ పరీక్షించండి. నల్ల సిరా పద్దును ఎర్రదానిలో కలిపి లెక్కించారా? పద్దుల మధ్య ఎన్నేళ్ల శుభ్రమైన సర్వీసు ఉంది? సియాచిన్, కాశ్మీర్ వంటి చోట్ల పనిచేసిన కాలాన్ని ఉత్తర్వులో ప్రస్తావించారా? నోటీసుకు మీరిచ్చిన జవాబుపై ఒక్క వాక్యమైనా రాశారా? సంతకం చేసినది నియమం చెప్పిన అధికారేనా? వీటిలో రెండింటికి మీకు అనుకూలమైన సమాధానం వచ్చినా అర్జీకి పునాది దొరికినట్టే.

గైర్హాజరు, తాగుడు, మానసిక అనారోగ్యం

సెలవు దాటి ఉండిపోయినవారు చెప్పే కారణాలు సాధారణంగా నిజమైనవే, కాని వాటికి కాగితం ఉండదు. తల్లి ఆసుపత్రిలో ఉందని చెబితే చాలదు. అప్పటి ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీలు, మరణ ధ్రువీకరణ పత్రం, సెలవు పొడిగించమని యూనిట్‌కు పంపిన ఉత్తరం తాలూకు పోస్టల్ రసీదు వంటివి తేదీలతో సహా సరిపోవాలి. ముప్పై రోజులు దాటిన గైర్హాజరు మీద ఆర్మీ చట్టం 106వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరుగుతుంది కనుక, తిరిగి మీ అంతట మీరే వచ్చి చేరారా, పట్టుకొచ్చారా అన్నది ఆ పత్రాల్లో ఏమని ఉందో చూసుకోవాలి. మీ అంతట మీరే వచ్చిన సంగతి పారిపోవాలన్న ఉద్దేశం లేదని చూపడానికి గట్టి ఆధారం.

తాగుడుకు, కోపానికి వెనుక మానసిక అనారోగ్యం ఉండి, యూనిట్ వైద్యుడి దగ్గరకు పంపకుండా వరుసగా శిక్షలు వేస్తూ పోయిన సందర్భాలు కూడా ఉంటాయి. సైనిక ఆసుపత్రిలో సైకియాట్రీ వార్డులో ఉన్న రికార్డు మీకుంటే దానిని తప్పక పెట్టండి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు ఏ వ్యాధీ నమోదు కాని జవాను ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలని చెప్పింది. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసులో మానసిక వ్యాధి ఉన్న జవానును రివ్యూ మెడికల్ బోర్డుకు పంపమని ఆదేశించింది. ఆ రెండూ వైకల్య పెన్షన్ కేసులే తప్ప దుష్ప్రవర్తన కేసులు కావన్న సంగతి గుర్తుంచుకుని, వాటిని తోడు వాదనగా మాత్రమే వాడాలి.

కోర్ట్ మార్షల్ అయితే

కోర్ట్ మార్షల్ ద్వారా డిస్మిస్ అయినవారు ఆర్మీ చట్టం 164వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి గాని, సైన్యాధిపతికి గాని పిటిషన్ పెట్టుకోవచ్చు. ట్రిబ్యునల్‌కు వెళితే, శిక్ష మితిమీరినదిగా గాని అన్యాయంగా గాని తోచినప్పుడు దానిని తగ్గించే అధికారం 2007 నాటి ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద దానికి ఉంది. శిక్ష తీవ్రతపై వాదించేవారు రెండు పాత తీర్పులు చదవాలి. 1987 నాటి రంజిత్ ఠాకూర్ కేసులో, ఏ అధికారి మీద జవాను ఫిర్యాదు చేశాడో ఆ అధికారే సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో కూర్చున్నాడు, నేరం భోజనం చేయనని నిరాకరించడం. సుప్రీంకోర్టు ఆ డిస్మిసల్‌ను కొట్టివేసింది. 1991 నాటి సర్దార్ సింగ్ కేసులో, సెలవు మీద ఇంటికి వెళుతూ అనుమతించినదానికన్నా ఎక్కువ మద్యం సీసాలు తీసుకెళ్లినందుకు వేసిన జైలు శిక్ష, డిస్మిసల్ మరీ ఎక్కువని కోర్టు తేల్చింది.

అర్జీ రాయడం

అర్జీని సైన్యాధిపతిని ఉద్దేశించి, రికార్డ్ ఆఫీసు ద్వారా, స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. జరిగిన తప్పును దాచకూడదు. దాస్తే కాండక్ట్ షీట్ దానిని బయటపెడుతుంది, మిగిలిన మాటల విలువ కూడా పోతుంది. 'సెలవు ముగిసిన తరువాత ఇరవై ఒక్క రోజులు ఆలస్యంగా చేరిన మాట నిజమే. దానికి అప్పుడే శిక్ష అనుభవించాను. కాని డిస్చార్జ్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపలేదు. నా పదమూడేళ్ల సర్వీసును, అందులో నాలుగేళ్లు కఠిన ప్రాంతాల్లో పనిచేసిన సంగతిని ఉత్తర్వు పట్టించుకోలేదు' అన్న తీరులో, ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క పత్రం జతచేస్తూ రాయాలి. చివర కోరికలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పెట్టండి: ఉత్తర్వు రద్దు, పెన్షన్ కాలం వరకు సర్వీసు కొనసాగినట్టు పరిగణించడం, అది కాకపోతే డిస్మిసల్‌ను డిస్చార్జ్‌గా మార్చడం, అదీ కాకపోతే గ్రాట్యుటీ. అధికారులను తిట్టే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. పక్షపాతం నిజంగా ఉంటే దానిని సంఘటనతో, తేదీతో చెప్పాలి.

చెన్నై బెంచ్‌లో

ఎక్కడో ఉత్తరాది సరిహద్దులో డిస్మిస్ అయితే అక్కడికే వెళ్లి కేసు వేయాలేమోనన్న భయం అక్కరలేదు. సర్వీసు నుంచి బయటకు వచ్చినవారు ప్రస్తుతం నివసిస్తున్న ప్రాంతపు బెంచ్‌లో దరఖాస్తు వేసుకోవచ్చునని ట్రిబ్యునల్ నియమాలు అనుమతిస్తాయి. తమిళనాడులో, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటున్నవారికి అది చెన్నై బెంచ్. నివాసం చూపడానికి ఆధార్, అద్దె ఒప్పందం వంటివి చాలు. అర్జీని తిరస్కరిస్తూ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి. అర్జీ పెట్టిన ఆరు నెలలకూ ఏ జవాబూ రాకపోతే, ఆ తరువాతి ఆరు నెలల్లో వేయాలి. ఏళ్లు గడిచినవారు ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు, ప్రమాణపత్రం ఇవ్వాలి. పాత విషయంపై ఇప్పుడు కొత్తగా ఒక అర్జీ పెట్టి, దానికి వచ్చిన జవాబు తేదీ నుంచి గడువు లెక్కించవచ్చని కొందరు చెబుతుంటారు. కోర్టులు దానిని ఒప్పుకోవు. పెన్షన్ నెలనెలా రావలసినది కనుక దాని విషయంలో ఆలస్యాన్ని కొంత మన్నించినా, బకాయిలను మూడేళ్లకే పరిమితం చేయవచ్చునని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. డిస్చార్జ్ ఉత్తర్వు ఒకసారి జరిగిపోయిన చర్య కాబట్టి ఆ వెసులుబాటు దానికి అంత తేలికగా దొరకదు.

ట్రిబ్యునల్ వ్యవహారమంతా ఇంగ్లిషులో నడుస్తుంది కాబట్టి తెలుగు పత్రాలకు అనువాదాలు చేయించాలి. స్వయంగా వాదించుకునే హక్కు ఉంది, కాని కోర్ట్ మార్షల్ కేసులకు సర్వీసు చట్టం తెలిసిన న్యాయవాది ఉండడం మంచిది. వచ్చే బకాయిల్లో వాటా అడిగే మధ్యవర్తులకు అసలు పత్రాలు ఎన్నడూ ఇవ్వకండి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, మహిళలకు, ఆదాయ పరిమితి లోపల ఉన్నవారికి న్యాయ సేవా సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

ట్రిబ్యునల్ కాదన్నా దారి మూసుకుపోదు. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టు రిట్ అధికారం ఉపయోగించవచ్చునని పరశోత్తమ్ దాస్ కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక, మద్రాస్ హైకోర్టుకు వెళ్లవచ్చు. గెలిచినవారు తీర్పు ధ్రువీకృత నకలును వెంటనే రికార్డ్ ఆఫీసుకు పంపి, డిస్చార్జ్ బుక్‌లో కారణం మార్చమని, పెన్షన్ మంజూరు పత్రాలను ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ల కార్యాలయానికి పంపమని రాతపూర్వకంగా అడగాలి. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ ద్వారా వస్తుంది కాబట్టి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో పేరు, పుట్టిన తేదీ సర్వీసు రికార్డుతో సరిపోయేట్టు ముందే చూసుకోండి. సవరించిన డిస్చార్జ్ బుక్ చేతికి వచ్చిన తరువాతే జిల్లా సైనిక్ బోర్డులో గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాలి.