ప్లస్ టూ తర్వాత ఇంజనీరింగ్ – 3వ పాఠం: చదివిన చోటు, కటాఫ్ లెక్క

ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఇంజనీరింగ్ సీట్లకు తమిళనాడు ప్రభుత్వం జరిపే కౌన్సెలింగ్ సంగతి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి, లెక్కలు వేయాలి.

ముందుగా చదివిన చోటు. చెన్నైలోని తెలుగు కుటుంబాలకు మార్కులకన్నా ముందు చిక్కు వచ్చేది ఇక్కడే. పిల్లవాడు పదో తరగతి వరకు పెరంబూరులోనో కొళత్తూరులోనో చదువుతాడు. ఆ తర్వాత బంధువులెవరో చెప్పారని ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేర్పిస్తారు. ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా తమిళనాడులోనే చదివినవారు ఈ కౌన్సెలింగ్‌కు స్థానికత ధ్రువపత్రం చూపనక్కరలేదు. ఇంటర్ బయట చదివితే ఆ వెసులుబాటు పోతుంది, పత్రం కోసం తిరగాల్సి వస్తుంది. పోనీ, ఆంధ్రప్రదేశ్‌లో స్థానికుడవుతాడా అంటే, అక్కడ అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా 4 ఏళ్లు చదివి ఉండాలి. రెండేళ్ల ఇంటర్ అందుకు చాలదు. రెంటికీ చెడ్డ రేవడి కావడమంటే ఇదే. ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి పిల్లలుంటే హాస్టల్‌కు అడ్వాన్సు కట్టకముందే ఈ విషయం కూర్చుని మాట్లాడుకోండి. విజయవాడ చదువు చెడ్డదని నేను అనడం లేదు. ఏ తలుపు మూసుకుంటుందో తెలిసి పంపడం వేరు, తెలియక పంపడం వేరు.

కుల ధ్రువపత్రానిదీ అదే సంగతి. ఆంధ్రలో తీసుకున్నది ఇక్కడి రిజర్వేషన్‌కు చెల్లదు. తమిళనాడులో 69 శాతం రిజర్వేషన్ పోగా మిగిలే 31 శాతం ఓపెన్ సీట్లకే పోటీ పడాలి. తరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబాల సంగతి వేరు. దేవాంగుల వంటి కొన్ని కులాలు ఇక్కడి వెనుకబడిన తరగతుల జాబితాలోనూ ఉన్నాయి. అలాంటివారు ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఇ-సేవై కేంద్రంలో (ప్రభుత్వ ధ్రువపత్రాలకు దరఖాస్తు తీసుకునే చోటు) దరఖాస్తు పెట్టాలి.

ఇక కటాఫ్, అంటే మీ ర్యాంకును తేల్చే మార్కుల మొత్తం. ఈ సీట్లకు ప్రవేశ పరీక్ష లేదు, 2006లో చేసిన చట్టంతో తీసేశారు. ప్లస్ టూ మార్కులే ఆధారం. లెక్కలు 100కు, ఫిజిక్స్ 50కి, కెమిస్ట్రీ 50కి, మొత్తం 200.

ఒక అమ్మాయికి బడిలో పెట్టిన పరీక్షల్లో లెక్కల్లో 92, ఫిజిక్స్‌లో 86, కెమిస్ట్రీలో 88 వచ్చాయనుకుందాం. ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులను సగం చేయాలి: 92 + 43 + 44 = 179. పబ్లిక్ పరీక్షకు నెల రోజులుంది, గట్టిగా చదివితే ఏదో ఒక సబ్జెక్టులో 4 మార్కులు పెంచుకోగలదు. ఫిజిక్స్‌లో పెరిగితే 181 అవుతుంది. లెక్కల్లో పెరిగితే 183. పైగా ఇద్దరి కటాఫ్ సమానమైతే ముందు చూసేది లెక్కల మార్కులే. ఉన్న సమయాన్ని ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతోంది. భాషల మార్కులు ఇందులో కలవవు, కానీ వాటిలో పాస్ కావాల్సిందే.

ఆఖరిది, కాలేజీల వరస. ఇక్కడ చాలామంది భయంతో రాస్తారు. "గిండీ ఇంజనీరింగ్ కాలేజీ మనకెక్కడ వస్తుందిలే" అని దాన్ని కిందికి నెట్టి, తప్పక వస్తుందనుకున్న కాలేజీని పైన పెడతారు. అలా చేయకండి. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. గిండీ, క్రోంపేట ఎం.ఐ.టి. పైన రాసినంత మాత్రాన కింది కాలేజీల్లో మీ అవకాశం తగ్గదు. తేలిగ్గా వచ్చే కాలేజీని పైన పెడితే మాత్రం అదే ఇచ్చేస్తారు, దాని కింద రాసిన మంచి కాలేజీ వైపు చూడరు. అందుకని ఇష్టం ఉన్న క్రమంలోనే రాయండి. వచ్చినా చేరలేని కాలేజీని అసలు రాయకండి.

ఈ వారం చేయాల్సిన పని: అర్ధ సంవత్సర పరీక్ష మార్కులతో మీ కటాఫ్ వేయండి. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత కటాఫ్ దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో మీ రిజర్వేషన్ విభాగం కింద చూడండి. మీ అంకె కంటే 5 ఎక్కువ ఉన్నవాటి నుంచి 10 తక్కువ ఉన్నవాటి దాకా పేర్లు రాసుకోండి. అమ్మానాన్నలు ఒక కాగితం మీద, పిల్లలు మరో కాగితం మీద ఎవరి వరస వారు రాసి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా కనిపించిన చోట ముందు పిల్లల కారణం పూర్తిగా వినండి. ఫీజుల లెక్క వచ్చే పాఠంలో వేద్దాం, ఆ రెండు కాగితాలూ అప్పుడు కావాలి.