కప్పు గెలిచిన ఊపును క్లబ్ గ్యాలరీకి మళ్లించడం ఎలా?

2022 జూలై 31న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ అమ్మాయిలు జర్మనీని 2-1తో ఓడించి యూరో ఫుట్‌బాల్ కప్పు గెలిచారు. చూడ్డానికి 87,192 మంది వచ్చారు. సెప్టెంబరు 24న లండన్‌లోనే ఎమిరేట్స్ స్టేడియంలో ఆర్సెనల్, టోటెన్‌హామ్ క్లబ్బుల అమ్మాయిల లీగ్ మ్యాచ్‌కు 47,367 మంది. ఊపు క్లబ్బుదాకా వస్తుందన్నమాట, నిలవడమే కష్టం.

ఫైనల్ అయిన వారంలోపే టికెట్లు అమ్మకానికి పెట్టండి. పోస్టరు మీద కప్పు గెలిచిన మీ క్లబ్ క్రీడాకారిణి ఫొటో, పక్కనే తేదీ, వేళ, దిగాల్సిన స్టేషన్ పేరు. ఉచిత టికెట్లు పంచకండి: నాలుగు చినుకులు పడితే ఆ సీట్లన్నీ ఖాళీ. కొద్దిపాటి ధరైనా ఉండాలి. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి తీసుకుని, మర్నాడే చిన్న మైదానంలో జరిగే తర్వాతి మ్యాచ్ కబురు పంపండి. వారం ఆగితే మర్చిపోతారు. మగవాళ్ల మ్యాచ్ వేళకే పెడితే మాత్రం, ఈ శ్రమంతా దండగ.